రంగం పోయిన తాతగారు, న్యూయార్క్ వెళ్ళే ఓడ

ప్రశ్న: అక్కయ్యగారికి నమస్కారాలు. మాది కాకినాడ. నాకు 62 ఏళ్ళు, మావారికి 67. ఇద్దరం టీచర్లుగా చేసి రిటైరయ్యాం. అమ్మాయి ఇంగ్లండులో, అబ్బాయి న్యూజెర్సీలో ఉంటారు. వచ్చే మే నెలలో అమ్మాయి దగ్గర కొన్నాళ్ళుండి, అక్కడి నుంచి అబ్బాయి దగ్గరికి వెళ్ళాలనుకున్నాం. అబ్బాయి విమానం వద్దు, సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి క్వీన్ మేరీ 2 అనే ఓడలో టికెట్లు తీస్తానంటున్నాడు. ఏడు రాత్రులట, మధ్యలో ఎక్కడా ఆగదట. మావారు సంబరపడిపోతున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. మా తాతగారు యుద్ధానికి ముందు కాకినాడలో ఓడెక్కి బర్మాలోని రంగం వెళ్ళారు. రెండేళ్ళు మనియార్డర్లు వచ్చాయట, తర్వాత ఏ కబురూ లేదు. మా నాయనమ్మ బతికినన్నాళ్ళూ ఇంట్లో సముద్రం వైపు కిటికీ తెరవనివ్వలేదు. మావారికి బీపీ, షుగరు ఉన్నాయి. మేం శాకాహారులం. ఏడు రోజులు నీళ్ళు చూస్తూ ఏం చేస్తాం? అంత డబ్బు దండగ కాదా? మీరు ఆ ఓడలో వెళ్ళానని ఒకసారి రాశారు. ఉన్నదున్నట్టు చెప్పండి. ఇంకో మాట. నడిసముద్రంలో తాతగారి పేరున నాలుగు పువ్వులు వదలాలని ఉంది. వదలనిస్తారా?

– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం:

చెల్లెమ్మా, ఓడెక్కండి. ముందు ఆ మాట చెప్పేసి మిగతావి తర్వాత చెబుతాను.

మీరు చాలా సంగతులు అడిగారు గానీ, నేను ఆగిపోయింది మీ నాయనమ్మగారి కిటికీ దగ్గర. అక్కడి నుంచే మొదలుపెడతాను.

మన గోదావరి జిల్లాల్లో, విశాఖ వైపు, రంగూన్‌ని అందరూ రంగం అనే అనేవారు. అప్పులు మీద పడినా, పనులు దొరక్కపోయినా మగవాళ్ళు ఓడెక్కి రంగం పోయేవారు. అక్కడ బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కష్టం చేసి ఇంటికి డబ్బు పంపేవారు. బర్మాలో తెలుగువాళ్ళకు కోరంగీలనే పేరు పడిపోయింది, మీ ఊరి పక్కనున్న కోరంగి రేవు మూలంగానే. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చికల్లా ఊరు వాళ్ళ చేతుల్లోకి పోయింది. ఓడ దొరకని మనవాళ్ళు లక్షల మంది అరకాన్ వైపు నుంచి, అస్సాం కొండల మీదుగా కాలినడకన బయల్దేరారు. ఆకలికి, కలరాకి, మలేరియాకి ఎంతోమంది దారిలోనే పోయారు.

రెండేళ్ళు మనియార్డర్లు వచ్చాయని మీరే రాశారు. అంటే ఓడ మీ తాతగారిని క్షేమంగానే రంగంలో దించింది. ఆయన్ని మళ్ళీ ఇంటికి రానివ్వంది సముద్రం కాదమ్మా, యుద్ధం. ఆ నడిచినవాళ్ళకు ఓడలు దొరికి ఉంటే ఎన్నో ఇళ్ళకు మనుషులు తిరిగొచ్చేవారు. మీ నాయనమ్మగారికి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పి ఉండరు. కిటికీ తీస్తే కనిపించేది సముద్రం ఒక్కటే కాబట్టి ఆవిడ కోపమంతా దాని మీదే పడింది. ఆ కోపం మీకు భయంగా మారి వచ్చింది. అందులో మీ తప్పేమీ లేదు.

ఇక, మీరు రాయకపోయినా మీ మనసులో తప్పకుండా ఉండే ఇంకో పేరు టైటానిక్. అదీ 1912 ఏప్రిల్ 10న ఇదే సౌతాంప్టన్ నుంచి ఇదే న్యూయార్క్‌కి బయల్దేరింది. అందులో 2200 మందికి పైగా ఉంటే, పడవల్లో చోటు సుమారు 1180 మందికే ఉంది. 1500 మంది దాకా చనిపోయారు. ఆ ఘోరం తర్వాతే, ఓడలో ఎంతమంది ఉంటే అంతమందికీ పడవల్లో చోటు ఉండాలని దేశాలన్నీ కలిసి నియమం పెట్టుకున్నాయి. మంచుకొండలు ఎక్కడెక్కడ తేలుతున్నాయో కనిపెట్టి ఓడలకు చెప్పే గస్తీ కూడా అప్పుడే ఏర్పాటైంది. 1914 నుంచి అది నడుస్తోంది, ఇప్పుడు విమానాలు, ఉపగ్రహాలు కూడా వాడుతున్నారు. మేలో న్యూఫౌండ్లాండ్ దగ్గర మంచుకొండలు ఉండే మాట నిజం. అందుకే ఓడలు వాటికి దూరంగా, దక్షిణంగా తిరిగి వెళతాయి. ఎక్కగానే మీ చేత లైఫ్ జాకెట్ డ్రిల్ చేయిస్తారు. ఏడు చిన్న కూతలు, తర్వాత ఒక పొడుగు కూత వినిపిస్తే ఎక్కడికి వెళ్ళాలో చూపిస్తారు. ఆ డ్రిల్‌కి మీవారు కబుర్లలో పడి వెనకబడకుండా చూడండి.

ఓడ గురించి రెండు మాటలు. క్వీన్ మేరీ 2 ఫ్రాన్సులోని సాన్ నజేర్‌లో తయారై 2004 జనవరిలో మొదటి ప్రయాణం చేసింది. పొడవు 345 మీటర్లు. దీవుల చుట్టూ సరదాగా తిప్పే క్రూయిజ్ ఓడలు వేరు, ఇది వేరు. దీన్ని కట్టిందే అట్లాంటిక్ దాటడానికి. ఉక్కు మందంగా ఉంటుంది. ముందు భాగం, మీ కాకినాడ జాలరులు అణియం అంటారే, అది పొడవుగా, కోసుగా ఉండి అలను చీల్చుకుని పోతుంది. పక్కలకు ఎక్కువ ఊగకుండా నీళ్ళలో రెక్కల్లాంటివి నాలుగు ఉంటాయి. సుమారు 2700 మంది ప్రయాణికులు, 1200 మందికి పైగా సిబ్బంది పడతారు. మీ కాలనీ మొత్తం ఒకేసారి కదిలిపోతున్నట్టుంటుంది.

నేనూ మా అక్కా 2019 మేలో వెళ్ళాం. సాయంత్రం సౌతాంప్టన్‌లో ఓడ కదిలినప్పుడు కుదుపు ఏమీ తెలియలేదు. రేవే వెనక్కి జరుగుతున్నట్టు అనిపించింది. రేవుకి ఎదురుగా ఉండే ఐల్ ఆఫ్ వైట్ దీవి దీపాలు కాసేపు కనిపించి మాయమయ్యాయి. మర్నాడు నిద్ర లేచి బయటికి వస్తే నాలుగు వైపులా నీళ్ళే. నాకు గుండె దడదడలాడింది. నిజం చెబుతున్నాను, ఆ మొదటి పొద్దున ఎందుకొచ్చానా అనుకున్నాను. అక్క మాత్రం కాఫీ కప్పు పట్టుకుని, "గోదావరి ఇంకొంచెం వెడల్పుగా ఉందనుకోవే" అంది.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఓడ ఊగింది. ముందు భాగం మెల్లగా లేచి, ఒక్క క్షణం ఆగి, మెల్లగా దిగుతుంది. లిఫ్టు దిగేటప్పుడు కడుపులో ఎలా ఉంటుందో అలా. నాకు రెండుసార్లు వాంతి అయింది. మన చెవి లోపల తూకం చూసే భాగం కదులుతున్నామని చెబుతుంది, గది గోడలు చూసే కళ్ళు కదలడం లేదని చెబుతాయి. ఆ రెండింటికీ పొత్తు కుదరకే కడుపు తిప్పుతుంది. కాబట్టి అలా ఉన్నప్పుడు గదిలో దుప్పటి కప్పుకుని పడుకోవద్దు. నేను చేసిన తప్పు అదే. బయటికి వచ్చి, దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత చూస్తూ నిలబడండి. అల్లం మురబ్బా, ఉప్పు బిస్కెట్లు, పుల్లటి యాపిల్ దగ్గర పెట్టుకోండి. కడుపు ఖాళీగా ఉంచొద్దు. మందులున్నాయి, అవి తిప్పడం మొదలవక ముందే వేసుకోవాలి, వేసుకుంటే నిద్ర ముంచుకొస్తుంది. మీవారు ఇప్పటికే బీపీ, షుగరు మాత్రలు వేసుకుంటున్నారు కాబట్టి వాటికి ఇది సరిపడుతుందో లేదో మీ డాక్టర్‌ని అడగకుండా ఏ మాత్రా వద్దు. మూడో రోజుకి నాకు అలవాటైపోయింది. న్యూయార్క్‌లో దిగాక రెండు రోజులు నేలే ఊగింది.

గది ఎంచుకునేటప్పుడు మీ అబ్బాయికి ఈ ఒక్క మాట గట్టిగా చెప్పండి: ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో తీసుకోమనండి. ఉయ్యాల చివర కూర్చోవడానికీ తాడు కట్టిన చోట కూర్చోవడానికీ ఉన్నంత తేడా ఉంటుంది. నాలుగు, ఐదు, ఆరు డెక్కుల్లో ఉక్కు గోడలోనే తొలిచినట్టుండే బాల్కనీలు ఉన్నాయి. కూర్చుంటే గోడ అడ్డొచ్చి సముద్రం కనిపించదు, నిలబడాలి. అయినా గాలి తక్కువ, మీ వయసుకి అవే మంచివి. పై అంతస్తు బాల్కనీ ఖరీదు ఎక్కువ కాబట్టి సుఖం కూడా ఎక్కువని పిల్లలు అనుకుంటారు. అలా ఏమీ లేదు.

మీవారి ఆరోగ్యం సంగతి దాచకుండా చెప్పాలి. ఓడలో ఆసుపత్రి ఉంది, డాక్టర్లూ నర్సులూ ఉంటారు. బిల్లు మాత్రం బాగా అవుతుంది. నడిసముద్రంలో ఉన్న కొన్ని రోజులు హెలికాప్టర్ కూడా అందనంత దూరంలో ఉంటారు. అందుకని బయల్దేరే ముందు గుండె పరీక్షలు చేయించి, డాక్టర్ సరేనంటేనే టికెట్టు కొనమనండి. ఆయన వద్దంటే విమానంలో వెళ్ళండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు బీపీ, షుగరు ఉన్నాయని కచ్చితంగా రాయండి. ప్రీమియం పెరుగుతుందని దాస్తే అవసరమొచ్చినప్పుడు చెల్లదు. మందులు రెండింతలు పట్టుకెళ్ళి చేతిసంచీలోనే ఉంచండి, ఎందుకంటే రేవులో ఇచ్చిన పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. వీసాలు రెండు దేశాలకూ ముందే ఉండాలి. తిరుగు ప్రయాణం లండన్ మీదుగా అయితే ఆ తేదీలు కూడా ఒకసారి చూసుకోండి.

ఇక ఏడు రోజులు ఏం చేస్తామన్నారు. ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికే నాకు మనసు ఉరకలేస్తోంది.

మీకు ఆ ఓడలో రోజుకి 25 గంటలు దొరుకుతాయి. బ్రిటన్‌కీ న్యూయార్క్‌కీ ఐదు గంటల తేడా. దాన్ని ఐదు రాత్రులకు పంచుతారు. రాత్రి పడుకునే ముందు గడియారం గంట వెనక్కి తిప్పుకోమని చెబుతారు. విమానంలో వెళ్ళినవాళ్ళు వారం రోజులు అర్ధరాత్రి మేలుకుని కూర్చుంటారే, ఆ బాధ మీకు ఉండదు. న్యూజెర్సీలో దిగిన రోజే మనవళ్ళతో కలిసి భోంచేసి, వాళ్ళతోపాటే నిద్రపోతారు. మాత్రల వేళలు మాత్రం ఆ గంట లెక్క చూసుకుని డాక్టర్ చేత ముందే కాగితం మీద రాయించుకోండి.

రోజూ మధ్యాహ్నం పన్నెండుకి కెప్టెన్ మైకులో మాట్లాడతాడు. ఎక్కడున్నాం, ఎంత దూరం వచ్చాం, గాలి ఎటు, కింద నీళ్ళ లోతెంత, అన్నీ చెబుతాడు. ఓడంతా ఆ ఐదు నిమిషాలు సద్దుమణుగుతుంది. అక్కా నేనూ ఒక నోటు పుస్తకంలో రాసుకునేవాళ్ళం. మొత్తం 3000 నాటికల్ మైళ్ళ పైచిలుకు, అంటే మన లెక్కలో 5800 కిలోమీటర్ల దాకా. నాలుగో రోజు ఆ అంకెలు చూస్తుంటే నాకు మా అబ్బాయి గుర్తొచ్చాడు. వాడు అమెరికా వెళ్ళిన రాత్రి విమానాశ్రయంలో చెయ్యూపి ఇంటికొచ్చి పడుకున్నాను. పొద్దున లేచేసరికి సగం దారిలో ఉన్నాడు. నిద్రలో జరిగిపోయిన ఆ దూరం ఎంతో నాకు ఇరవై ఏళ్ళు తెలియలేదు. ఫోనులో గొంతు వినిపిస్తుంది కాబట్టి పక్కవీధిలో ఉన్నట్టే అనుకుంటూ, వాడు రాలేదని అలుగుతూ గడిపాను. ఓడ కమ్మీ పట్టుకుని నిలబడి, ఒక్కో రోజు ఒక్కో గంట వెనక్కి తిప్పుకుంటూ వెళ్ళాక నా బిడ్డ ఎంత దూరం వెళ్ళి బతుకుతున్నాడో నాకు ఒంటికి తెలిసింది. ఏడ్చాను. దుఃఖంతో కాదు. వాడి మీద అలిగిన రోజులన్నీ గుర్తొచ్చి.

డబ్బు దండగా అని అడిగారే, నా జవాబు ఇదే. ఇద్దరు పిల్లలు రెండు దేశాల్లో ఉన్న తల్లి మీరు. వాళ్ళ మధ్య ఉన్న నీళ్ళు మీరు ఒక్కసారి చూడాలి. మీ అబ్బాయి మిమ్మల్ని విలాసానికి పిలవడం లేదనిపిస్తోంది నాకు. పెట్టగలిగినవాడు ప్రేమగా పెడతానంటే వద్దనకండి. అయితే టికెట్టు మీద కొన్ని ఖర్చులు ఉంటాయి. సేవ చేసేవాళ్ళ టిప్పులు రోజుకింత అని మనిషికి కలుపుతారు, ఇంటర్నెట్టు వేరే. ఓడలో నోట్లు చెల్లవు, గది కార్డు మీద డాలర్లలో రాసుకుంటారు. ఇవన్నీ అబ్బాయి చేత ముందే లెక్క వేయించండి.

ఆరో రోజు పొగమంచు. న్యూఫౌండ్లాండ్‌కి దక్షిణాన వేడి ప్రవాహమూ, ఉత్తరం నుంచి దిగే లాబ్రడార్ చల్లటి ప్రవాహమూ కలిసే చోట మే, జూన్ నెలల్లో ఇది మామూలే. డెక్కు మీద చెయ్యి చాపితే వేళ్ళే మసకగా కనిపించాయి. నియమం ప్రకారం రెండు నిమిషాలకు ఒకసారి ఓడ కూత వేస్తుంది. ఆ కూత కడుపులో మోగుతుంది. మీకు భయమేసే ఘడియ ఏదైనా ఉంటే అదే, అందుకే ముందే చెబుతున్నాను. ఆ కూత ప్రమాదం వచ్చిందని కాదు, నేనిక్కడ ఉన్నానని పక్క ఓడలకు చెప్పడం. టైటానిక్ పడి ఉన్న చోటికి దక్షిణంగా దాటింది కూడా ఆ వేళల్లోనే. అక్కడ లోతు సుమారు 3800 మీటర్లు. అక్క చేతులు జోడించింది. పక్కనున్న ఒక ముసలి ఇంగ్లీషాయన టోపీ తీశాడు.

మిగతా వేళల్లో పనికి కొదవ లేదు. ఏడో డెక్కు చుట్టూ నడవొచ్చు, మూడు చుట్లు తిరిగితే మైలు దాటుతుంది. గాలి లేని రోజైనా ఓడ వేగానికి గంటకి 39 కిలోమీటర్ల గాలి ముఖానికి కొడుతుంది కాబట్టి స్వెటరు, మంకీ క్యాపు, శాలువా తప్పనిసరి. మీరిద్దరూ టీచర్లు. పొద్దున పూట చరిత్ర మీదా, నక్షత్రాల మీదా ఉపన్యాసాలుంటాయి, నక్షత్రశాల కూడా ఉంది. వేల పుస్తకాలున్న లైబ్రరీ ఉంది, దాని కిటికీల్లోంచి సముద్రం కనిపిస్తుంది. మీవారిని అక్కడ వదిలేస్తే భోజనానికి పిలిస్తే గానీ లేవరు. ఈ ఓడలో కుక్కల్నీ పిల్లుల్నీ కూడా తీసుకెళతారు. వాటికోసం డెక్కు మీద ఒక లండన్ దీపస్తంభం, ఒక న్యూయార్క్ నీళ్ళ పంపు పెట్టారు. అక్క రోజూ వెళ్ళి ఆ కుక్కల్ని పలకరించి వచ్చేది. రెండు మూడు రాత్రులు అందరూ ముస్తాబై భోజనానికి వస్తారు. పట్టుచీరలు పట్టుకెళ్ళండి. మా అక్క ఉప్పాడ చీర చూసి పక్క టేబులు ఆడవాళ్ళు వచ్చి కొంగు పట్టుకు చూశారు. మీది ఉప్పాడ పక్కనే కదా!

తిండి గురించి టికెట్టు కొనేటప్పుడే శాకాహారులమని, గుడ్డు కూడా తినమని స్పష్టంగా రాయించండి. మొదటి రాత్రి భోజనశాలలో పెద్ద వెయిటర్‌కి మళ్ళీ చెప్పండి. మేం అలా చెప్పాక మర్నాటి వంట ముందురోజే అడిగి చేసిపెట్టారు. పప్పు, కూర, అన్నం దొరుకుతాయి గానీ మన కారం అలవాటైన నాలుకకి నాలుగో రోజుకల్లా బెంగ మొదలవుతుంది. కందిపొడి, కరివేపాకు పొడి సీసాల్లో పెట్టుకోండి. ఆవకాయ తీసుకెళ్ళేట్టయితే సీలు వేసిందే తీసుకెళ్ళి, అమెరికాలో దిగేటప్పుడు ఉందని చెప్పండి. ఓడలో ఇచ్చిన పళ్ళు మాత్రం సంచీలో పెట్టుకుని దిగొద్దు. రైస్ కుక్కర్ వద్దు. దీపం, అగరుబత్తి, కర్పూరం ఏదీ గదిలో వెలిగించకూడదు. ఓడలో నిప్పంటే వాళ్ళకి ప్రాణభయం.

చివరి రాత్రి త్వరగా పడుకుని, దిగే రోజు తెల్లవారుజామున నాలుగింటికల్లా లేచి పై డెక్కు మీదికి వెళ్ళండి. న్యూయార్క్ రేవు ముఖద్వారంలో ఉన్న వెరజానో వంతెన కిందనుంచి ఓడ దాటుతుంది. ఆ వంతెన కింద పట్టాలనే ఈ ఓడ ఎత్తును లెక్క చూసి కట్టారు, దాటేటప్పుడు పొగగొట్టం తగిలిపోతుందనిపించి అందరూ మెడలు వంచారు. తర్వాత చీకట్లో స్వేచ్ఛా ప్రతిమ, దాని వెనక ఎల్లిస్ దీవి. 1892 నుంచి 1954 దాకా కోటీ ఇరవై లక్షల మంది ఆ దీవి మీదుగా అమెరికాలో అడుగుపెట్టారు. మీ గోదావరి వైపు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు కూడా 1920ల మొదట్లో ఓడ మీదే అమెరికా చేరారు, బోస్టన్‌లో దిగారు. 1948లో పోయేదాకా మళ్ళీ ఇంటికి రాలేదు. మీరు దిగేది బ్రూక్లిన్ రేవులో. పాస్‌పోర్టు పరీక్ష అక్కడే. అబ్బాయిని గేటు బయట ఉండమనండి, తొందరపడొద్దనండి, దిగడానికి వరసలవారీగా పిలుస్తారు.

పువ్వుల సంగతి. ఓడ మీద నుంచి సముద్రంలోకి మనంతట మనం ఏదీ వేయకూడదమ్మా, పువ్వులైనా సరే. నియమం గట్టిది. అడిగి కాదనిపించుకుని బాధపడొద్దు. బయల్దేరడానికి ముందు ఒక పొద్దున కాకినాడ ఒడ్డునే, మీ తాతగారు ఓడెక్కిన రేవు వైపుగా వెళ్ళి ఆయన పేరు చెప్పి వదలండి. మీవారినీ, వీలైతే మీ నాయనమ్మగారి ఫొటోనీ వెంట తీసుకెళ్ళండి. ఇంటికొచ్చాక ఆ కిటికీ ఇంకా ఉంటే తెరవండి.

న్యూజెర్సీ చేరాక నాకు ఉత్తరం రాయండి. మీకు ఏ డెక్కులో గది దొరికిందో, పొగమంచు వచ్చిందో లేదో, కెప్టెన్ చెప్పిన లోతులు ఎంతెంతో రాయండి. మా అక్క ఆ నోటు పుస్తకం ఇంకా దాచుకుంది. పక్కన పెట్టి చూస్తుంది.